మాత్రె బేకా?

పోయినేడు బెంగళూరు కె.ఆర్. పురంలో ఇల్లు ఖాళీ చేస్తుంటే బీరువా సొరుగులో ఒక మాత్రల షీటు దొరికింది. డోలో 650, అంటే పారాసెటమాల్. పదిహేను మాత్రల షీటులో నాలుగే వాడినట్టున్నాం, పదకొండు అలాగే ఉన్నాయి. దాని కింద మడతపెట్టిన డిశ్చార్జి కాగితం. 2019 జూలై, మా పెద్దది పుట్టినప్పటిది. ఐరన్, కాల్షియం, యాంటీబయాటిక్, అన్నిటికీ ఎదురుగా పొద్దున ఒకటి, రాత్రి ఒకటి అని ఒంట్లూ సున్నాలూ వేసి ఉన్నాయి. నొప్పి మాత్ర దగ్గర మాత్రం ఎస్.ఓ.ఎస్. అని మూడక్షరాలు. అవసరమైతేనే వేసుకో అని దానర్థం.

పొట్ట కోసి, బిడ్డను తీసి, కుట్టి నాలుగో రోజు ఇంటికి పంపుతున్న మనిషికి నొప్పి మందు అవసరమైతేనట. ఐరన్ మాత్ర మాత్రం టైముకు పడాలి!

ఆ పదకొండు మాత్రలు మిగిలినందుకు అప్పట్లో నాకు పెద్ద పేరొచ్చింది కూడా. "మా పాప గట్టిది, మాత్రలే అడగలా" అని అమ్మ ప్రొద్దుటూరుకు ఫోన్ చేసి పిన్నికి చెప్పడం నేను పక్కగదిలో పడుకుని విన్నాను. విని మురిసిపోయాను. ఆ సమయంలో పక్కకు తిరగడానికి మంచం కోడు పట్టుకుని పళ్ళు బిగబట్టి ఉన్నాను. అయినా మురిసిపోయాను. ఇప్పుడు తల్చుకుంటే ఆ మురిపెం మీదే నాకు కోపమొస్తుంది.

సిజేరియన్ తర్వాత మొదటి వారం నొప్పి మందు అడిగితే ఇచ్చేది కాకూడదు. గడియారం చూసి ఇచ్చేది కావాలి. నేను చెప్పదలచుకున్నది ఇంతే. ఇంత చిన్న మాటకు ఇంత పొడుగు రాత ఎందుకంటే, ఇది ఇంట్లోనూ ఆస్పత్రిలోనూ ఎవరికీ చెవికెక్కడం లేదు కాబట్టి.

ఆపరేషన్ అయిన మొదటి మూడు గంటలు నేను మహారాణిని. వెన్నులో ఇచ్చిన మత్తుమందుకు నడుము కింద ఒళ్ళు నాదో పక్కింటివాళ్ళదో తెలియలేదు. ఫోన్ చేసిన వాళ్ళందరికీ "ఏం లేదు, అసలు నొప్పే లేదు" అని చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. తర్వాత రెండు రోజులు ఎవరొచ్చినా "నొప్పి లేదన్నావుగా" అనే మొదలుపెట్టారు. సాయంత్రం ఎడమకాలి బొటనవేలు కదిలింది. మా ఆయన సంబరపడి వీడియో కూడా తీశాడు. బొటనవేలు కదిలిందంటే వెనకాలే వచ్చేదెవరో మాకు ఎవరూ చెప్పలేదు.

వెన్నులో ఎక్కించేది మామూలుగా బుపివకెయిన్ అనే మందు. దాని మొద్దు రెండు నుంచి నాలుగు గంటల్లో దిగిపోతుంది. దానితోపాటు కొద్దిగా ఫెంటనిల్ అనే గట్టి నొప్పి మందు కలిపితే ఇంకాసేపు హాయిగా ఉంటుంది. ఆ కలిపేది చిటికెడు మార్ఫిన్ అయితే, అదే సూదితో, దాదాపు ఒక రోజంతా నొప్పి అదుపులో ఉంటుంది. దురద పెడుతుంది, కొందరికి వాంతులవుతాయి, ఊపిరి మీద నర్సులు ఓ కన్నేసి ఉండాలి. అయినా సిజేరియన్ నొప్పి మీద ప్రపంచంలో మత్తు డాక్టర్లు రాసుకున్న మార్గదర్శకాల్లో దానిదే ముందు వరుస. మన దేశంలో అది అన్నిచోట్లా దొరకదు. 1985లో వచ్చిన మాదకద్రవ్యాల చట్టంతో మార్ఫిన్ కొనడం, దాచడం, లెక్క చూపడం పెద్ద తలనొప్పి అయిపోయి చాలా ఆస్పత్రులు దాన్ని పెట్టుకోవడమే మానేశాయి. 2014లో చట్టాన్ని సడలించారు. చట్టం సడలినంత తేలిగ్గా అలవాటు సడలదు. నాకు ఏం ఎక్కించారో నాకు తెలియదు. అడగాలనే తెలియదు అప్పుడు.

నొప్పి అని ఒక్క మాటలో అనేస్తాం గానీ అక్కడ ఉండేది ఒక్క నొప్పి కాదు, అదొక ఉమ్మడి కుటుంబం. కోత దగ్గరిది మంట. చర్మం, కొవ్వు, దాని కింద గట్టి పొర, కండరాలను పక్కకు జరిపి లోపలి పొర, చివరికి గర్భసంచి. ఇన్ని కోసి ఇన్ని కుట్టాక మంట ఉండకుండా ఎలా ఉంటుంది? లేచేటప్పుడు వచ్చేది లాగుడు, కుట్లన్నీ ఒక్కసారి పట్టి గుంజినట్టు. బిడ్డ పాలు పట్టుకోగానే వచ్చేది పోటు. పాలిచ్చేటప్పుడు ఊరే ఆక్సిటోసిన్ అనే హార్మోను గర్భసంచిని ముడుచుకునేలా చేస్తుంది, రక్తస్రావం తగ్గడానికి అది మంచిదే. కానీ ఆ ముడుచుకోవడం కుట్లమీదుగా జరుగుతుంది. రెండో కాన్పుకు ఈ పోటు మొదటిదానికంటే ఎక్కువ. ఇక భుజంలో నొప్పి. పొట్ట కోస్తే భుజం ఎందుకు నొప్పెడుతుందని నేను హడలిపోయాను, గుండెకేమన్నా అయిందేమో అని. లోపలికి చేరిన గాలీ రక్తమూ ఉదరవితానాన్ని, అంటే పొట్టకూ ఛాతీకీ మధ్య ఉండే కండరాన్ని రేపితే ఆ నొప్పి భుజంలో తెలుస్తుందట, రెండింటికీ ఒకే నరం దారి. నవ్వినా దగ్గినా తుమ్మినా వచ్చేది వేరే. మా మరిది వచ్చి జోకు వేస్తే దిండుతో కొట్టాను. జోకు బాగాలేక కాదు.

వీటన్నిటికంటే నన్ను ఏడిపించింది గ్యాసు. నిజం. రెండో రోజు రాత్రి పొట్ట ఊరికొచ్చిన సర్కస్ డేరాలా ఉబ్బింది. కోతకు నొప్పి మందులిస్తారు గానీ దీనికి నడకే మందు. నడవడానికేమో కోత నొప్పి అడ్డం. ఇక్కడే మొత్తం చిక్కంతా ఉంది. నొప్పి తగ్గితేనే నడుస్తాం, నడిస్తేనే పేగులు కదులుతాయి, కాళ్ళలో రక్తం గడ్డకట్టకుండా ఉంటుంది. కాన్పయిన వాళ్ళకు ఆ గడ్డల భయం మామూలు వాళ్ళకంటే ఎక్కువ. కాబట్టి నొప్పి మందును సుఖం కోసం అడిగే కోరికలా చూడకూడదు. కోలుకోవడానికి వేసే మొదటి మెట్టు అదే.

ఇప్పుడు ఆ మొదటి రెండు రాత్రుల మాట.

మొదటిరోజు బాగానే చూశారు. 100 మిల్లీలీటర్ల సీసాలో ఒక గ్రాము పారాసెటమాల్ సెలైన్‌లాగా ఎక్కించారు. డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు బిళ్ళ మలద్వారంలో పెట్టారు. సిగ్గుతో చచ్చిపోయాను గానీ బాగా పనిచేసింది. ఇవి రెండూ నేను అడగకుండానే టైముకు వచ్చాయి. రెండోరోజు సాయంత్రం సెలైన్ తీసేశారు. అక్కడినుంచి పద్ధతి మారిపోయింది. రాత్రి డ్యూటీ నర్సు తలుపు సందులోంచి తల పెట్టి అడిగేది, "మాత్రె బేకా?"

మాత్ర కావాలా అని. మంచి పిల్ల, నిద్ర చెడగొట్టకూడదని గొంతు తగ్గించి మరీ అడిగేది. నేను "బేడ" అనేదాన్ని. వద్దు అని. బెంగళూరుకొచ్చి ఆరేళ్ళయినా నాకు గట్టిగా వచ్చిన కన్నడ మాటలు ఆ నాలుగైదే, అందులో ఇదొకటి. ఎందుకు వద్దన్నానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ఎవరైనా "భోంచేస్తావా" అంటే ఆకలితో ఉన్నా మొదటిసారి "వద్దండీ, ఇప్పుడే తిన్నా" అని పెరిగిన పిల్లని. ఏదైనా రెండోసారి అడిగితేనే ఒప్పుకోవడం మన మర్యాద. నర్సు రెండోసారి అడగదు, ఆమెకు ఇంకో పద్నాలుగు మంచాలున్నాయి. "బేడ" అని ఛార్టులో రాసుకుని వెళ్ళిపోతుంది. రాత్రి రెండింటికి నొప్పి పీక్కుని లేచేసరికి ఆమె ఎక్కడో ఉంటుంది. బెల్ నొక్కి, ఆమె వచ్చి, డ్యూటీ డాక్టరును అడిగి, మాత్ర తెచ్చి, అది మింగి, లోపల పనిచేయడం మొదలయ్యేసరికి ఎంత లేదన్నా గంట. ఈలోగా బిడ్డ లేస్తుంది.

పగటి నర్సు కేరళ అమ్మాయి. ఆమె "వేదన ఉండో?" అనేది. మలయాళంలో వేదనంటే నొప్పే. నాకు మాత్రం ఆ మాట వింటే గొంతు పూడుకుపోయేది. ఎవరైనా పొద్దున్నే వచ్చి వేదన ఉందా అని అడిగితే బాలింతకు కళ్ళల్లో నీళ్ళు తిరగవా? ఒకరోజు "ఉంది" అని ఏడ్చేశాను. ఆమె కంగారుపడి వెంటనే మాత్ర తెచ్చింది. ఆ రోజు మధ్యాహ్నం హాయిగా గడిచింది. అదొక్కటే.

నేను నర్సులను తప్పుపట్టడం లేదు. ఆ ప్రశ్నను తప్పుపడుతున్నాను. "కావాలా" అని అడిగిన క్షణంలోనే నొప్పి మందు వైద్యం కాకుండా దయాదాక్షిణ్యమైపోతుంది. బీపీ మాత్ర కావాలా అని ఎవరూ అడగరు కదా. నోటి పారాసెటమాల్ అరగంట నుంచి గంటలో పనిచేయడం మొదలుపెడుతుంది, నాలుగైదు గంటలు, మహా అయితే ఆరు గంటలు ఉంటుంది. ఆరుగంటలకోసారి వేస్తే ఒకటి దిగేలోపు ఇంకోటి అందుకుంటుంది. నొప్పి ముదిరాక వేస్తే అది వెంట పరిగెత్తడమే. నొప్పి సంకేతాలు ఆగకుండా పోతుంటే వెన్నుపాము కూడా వాటిని మరింత పెద్దవి చేసి మెదడుకు పంపడం మొదలుపెడుతుంది. పొంగు వచ్చాక మంట తగ్గించడానికీ, రాకముందే తగ్గించడానికీ ఉన్న తేడా పాలు కాచే ఎవరికైనా తెలుసు.

రెండో సంగతి, ఒక్క మందుతో కొట్టడంకన్నా రెండు రకాలతో కొట్టడం మేలు. పారాసెటమాల్ ఒక దారిలో పనిచేస్తుంది. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి వాపును తగ్గించే వేరే దారిలో పనిచేస్తాయి. రెండూ కలిపి టైము ప్రకారం ఇస్తే ట్రమడాల్ లాంటి గట్టి మందుల అవసరం చాలామందికి బాగా తగ్గిపోతుంది. ఎస్.ఓ.ఎస్. అనేది ఉండాల్సింది అక్కడ, ఆ గట్టి మందు పక్కన. మనవాళ్ళు దాన్ని తెచ్చి పారాసెటమాల్ పక్కన పెట్టారు. రెండో రకం మందులు అందరికీ పడవు. కిడ్నీ సమస్య, అల్సర్, కొన్నిరకాల ఆస్తమా, రక్తస్రావం ఎక్కువైనవాళ్ళు, గర్భంలో బీపీ బాగా పెరిగినవాళ్ళు డాక్టరుతో తేల్చుకున్నాకే వాడాలి. పారాసెటమాల్‌కు కూడా హద్దుంది, పెద్దవాళ్ళకు రోజుకు నాలుగు గ్రాములు దాటకూడదు. జలుబు మాత్రల్లోనూ అది ఉంటుంది కాబట్టి అవి కూడా లెక్కలోకి రావాలి. గడియారం చూసి వేసుకుంటే ఈ లెక్క తప్పదు. నిజానికి లెక్క తప్పేది నొప్పి ముదిరాక రెండేసి మింగేవాళ్ళకే.

ఇంటికొచ్చే దారి గురించి చెప్పకపోతే బెంగళూరు కాన్పు పూర్తికాదు. హంపిని చూడాలంటే రాత్రంతా రైల్లో పోవాలి గానీ హంపులకు మాత్రం ఈ ఊళ్ళో కొదవలేదు. ఆస్పత్రినుంచి ఇంటికి నాలుగు కిలోమీటర్లు. నేను పదిహేడు లెక్కపెట్టాను. ప్రతి హంపుకూ డ్రైవరు "సారీ మేడం" అనేవాడు. పొట్టకు దిండు గట్టిగా అదుముకోమని ఆ కేరళ అమ్మాయే చెప్పి పంపింది, అది లేకపోతే ఏమయ్యేదాన్నో. దగ్గినప్పుడూ లేచేటప్పుడూ కూడా అదే దిండు.

ఇంట్లో అమ్మ రాజ్యం. అమ్మది మంచి రాజ్యమే, కానీ చట్టాలు పాతవి. "మందు పాలల్లోకి దిగుతాది. బిడ్డ మత్తుగా పడుకుంటాది" అన్నది మొదటి చట్టం. ఇది అబద్ధం కాదు, సగం నిజం. పారాసెటమాల్, ఐబుప్రోఫెన్ పాలల్లోకి వెళ్ళేది ఎంత తక్కువంటే, పాలిచ్చే తల్లులకు డాక్టర్లు ముందుగా రాసేవి ఆ రెండే. జాగ్రత్త పడాల్సింది ఇంకోరకం నొప్పి మందులైన కోడీన్, ట్రమడాల్‌తో. కొందరి ఒంట్లో అవి చాలా వేగంగా గట్టిమందుగా మారిపోయి పాలల్లో ఎక్కువగా చేరతాయి, బిడ్డ ఊపిరి మందగించే ప్రమాదం ఉంటుంది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లో పాలిచ్చే తల్లులకు ఈ రెండూ వద్దని గట్టిగానే హెచ్చరించింది. అంటే అమ్మ భయానికి ఒక చిరునామా ఉంది, కాకపోతే ఆమె తప్పు తలుపు కొడుతోంది. ఇందులో ఇంకో విడ్డూరం ఏమిటంటే, మాత్ర వేసుకోని రోజుల్లో నేను కూర్చుని పాలివ్వలేకపోయాను. నొప్పికి భుజాలు బిగుసుకుపోయి పాలు దిగేవి కావు. పాలకోసం మాత్ర మానేసి చివరికి డబ్బా పాలు తెప్పించాం.

రెండో చట్టం నీళ్ళు. "పచ్చి ఒళ్ళు, నీళ్ళు తాగితే కుట్లు చీము పడతాయి" అని రోజుకు నాలుగు గ్లాసులకు మించనివ్వలేదు. దాని మీద ఐరన్ మాత్ర, దాని మీద పీచులేని పథ్యం. ఇక మలబద్ధకం రాక ఏమొస్తుంది? ఆరోరోజు బాత్రూంలో నేను పడిన అవస్థ ఇక్కడ రాయను. కుట్లు ఉన్నవాళ్ళకు ముక్కడం ఎంత నరకమో ఊహించుకోండి. నీళ్ళు తాగితే చీము పట్టదు. పాలిచ్చే తల్లికి నీళ్ళు ఇంకా ఎక్కువ కావాలి.

అలాగని పాతవన్నీ తప్పని నేననను. నడుముకు పాత చీరముక్క బిగించి కట్టింది అమ్మ, నడికట్టు అని. లేచి నిలబడినప్పుడు పొట్ట జారిపోతున్నట్టుండే ఆ భయం దాంతో పోయింది. ఇదే బట్టను మెడికల్ షాపుల్లో బెల్టు అని అమ్ముతారు. మా అవ్వ ఫోన్‌లో చెప్పింది ఇంకా పనికొచ్చింది. "ఎల్లకిలా పండుకొని లేవాకు మే. పక్కకు దొర్లి, కాళ్ళు కిందికేసి, చెయ్యి ఆనించి లెయ్యి." వారం తర్వాత చెకప్‌కు వెళ్తే ఫిజియోథెరపిస్టు బొమ్మ గీసి సరిగ్గా ఇదే చెప్పి మూడొందలు తీసుకుంది. అవ్వ ఊరికే చెప్పింది.

మూడోది చట్టం కాదు, తీర్పు. అత్తమ్మ వాళ్ళ చుట్టాలావిడ వచ్చి బిడ్డను ఎత్తుకుని అన్న మాట: "నీకేం తల్లీ, నొప్పులు పడకుండా కనేసినావు." మన భాషలో పురిటినొప్పులకు ఎంత గౌరవముందో చూడండి. పాటలున్నాయి, సామెతలున్నాయి, "నొప్పులు పడి కన్నా" అంటే కొడుకు నోరెత్తలేడు. కోత నొప్పికి ఏమీ లేదు. కడుపుకోత అనే మాటైతే ఉంది, కానీ దాన్ని బిడ్డను పోగొట్టుకున్న తల్లి దుఃఖానికి ఇచ్చేశాం. బిడ్డను ఒళ్ళో పెట్టుకుని కడుపు కోతకు ఏడుస్తున్న ఆడదానికి మాటే మిగల్లేదు. పేరులేని నొప్పిని చెప్పుకోవడం కష్టం. నేను పదిరోజులు పొద్దున్నే "బాగున్నా" అన్నది అందుకే అనుకుంటా.

అపెండిక్స్ ఆపరేషనైన మా మరిదిని గుర్తుచేసుకోండి, ఆ జోకుల మరిదే. మూడు చిన్న బెజ్జాలు పెట్టి తీశారు. పదిహేను రోజులు మంచం దిగనివ్వలేదు, మాత్రలు అరచేతిలో పెట్టి నీళ్ళు నోటికి అందించారు. ఎవరూ "ఓర్చుకో నాయనా" అనలేదు. నాకు అరచేతి వెడల్పుకు మించిన కోత పెట్టి, చేతికి మూడు కిలోల బిడ్డనిచ్చి, రెండు గంటలకోసారి లేవమన్నారు. ఆడవాళ్ళు ఓర్చుకుంటారు నిజమే. ఓర్చుకోగలరు కాబట్టి ఓర్చుకోనిద్దాం అనేది ఎక్కడి న్యాయం?

ఇదేదో నా ఒక్కదాని గోల కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో వంద కాన్పుల్లో 21.5 సిజేరియన్లు. కర్ణాటకలో 31.5, ఆంధ్రలో 42.4, తెలంగాణలో 60.7. తెలంగాణ ప్రైవేటు ఆస్పత్రుల్లో అయితే 81.5. ఈ అంకెలు వచ్చినప్పుడల్లా టీవీల్లో ఒకటే చర్చ, అనవసరంగా కోస్తున్నారు అని. నేనూ ఒప్పుకుంటాను, ఇన్ని అవసరం లేదు. కానీ ఆ చర్చ ఇంకో ప్రశ్నను పూర్తిగా మింగేసింది. కోశాక ఏం చేస్తున్నారు? అవసరమున్నా లేకపోయినా కోత కోతే. తెలుగు రాష్ట్రాల్లో ఇంతమంది తల్లులు ఈ గాయంతో ఇంటికి వస్తుంటే, మందు ఎప్పుడెప్పుడు వేసుకోవాలో ఒక కాగితం మీద తెలుగులో రాసిచ్చేవాళ్ళు ఎంతమంది? "అనవసర ఆపరేషన్" అనే మాటకు ఇంకో దుష్ఫలితం కూడా ఉంది. ఆపరేషనే అనవసరమైనప్పుడు దాని నొప్పి కూడా మన తప్పులాగే అనిపిస్తుంది. నోరెత్తం.

నొప్పిని ఇలా వదిలేస్తే అది ఆ వారంతో పోదు. 2008లో పెయిన్ అనే వైద్య పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. కాన్పయిన వెంటనే తీవ్రమైన నొప్పి పడినవాళ్ళకు, కొద్దిపాటి నొప్పి పడినవాళ్ళతో పోలిస్తే, ఎనిమిది వారాల తర్వాత కూడా నొప్పి ఉండే అవకాశం రెండున్నర రెట్లు, డిప్రెషన్ అవకాశం మూడు రెట్లు ఎక్కువని అందులో తేలింది. కాన్పు ఏ రకమన్నది కాదు, నొప్పి ఎంతన్నదే లెక్క. అదే దీనికి కారణమని ఒక్క అధ్యయనంతో తేల్చలేం. కానీ నేను మూడో నెలలో కిటికీ దగ్గర కూర్చుని ఊరికే ఏడ్చిన మధ్యాహ్నాలు గుర్తొచ్చినప్పుడు ఆ మూడు రెట్లు అన్న మాట నా గురించే అనిపిస్తుంది.

"మందులేస్తే లోపల ఏదైనా తేడా జరిగితే తెలియదు కదా" అనే వాదన కూడా విన్నాను, చదువుకున్నవాళ్ళ నోటినుంచే. నాకు తెలిసినంతలో విషయం తిరగబడి ఉంది. టైముకు మందు పడుతూ, రోజురోజుకూ తగ్గాల్సిన నొప్పి ఒక్కసారి పెరిగితే అది వెంటనే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఎప్పుడూ నొప్పిలోనే ఉన్నవాళ్ళకు తేడా తెలిసేదెలా? జ్వరం, కోత ఎర్రబడి వేడిగా ఉండటం, చీము కారడం, రక్తస్రావం ఎక్కువవడం, ఒక పిక్క వాచి నొప్పి పెట్టడం, ఊపిరి అందకపోవడం, కూర్చుంటే పెరిగి పడుకుంటే తగ్గే తలనొప్పి... వీటిలో ఏది వచ్చినా మాత్ర మింగి ఊరుకోకూడదు, ఆస్పత్రికి పరుగెత్తాలి. ఆ తలనొప్పి వెన్నులో సూది వల్ల రావచ్చు, దానికి చికిత్స ఉంది. ఆ సూది వల్ల జన్మంతా నడుం నొప్పి వస్తుందనేది మాత్రం ఉత్త మాట, పరిశోధనల్లో నిలబడలేదు. బిడ్డను వంగి ఎత్తుకుని ఎత్తుకుని వచ్చిన నడుం నొప్పిని పాపం ఆ సూది మోస్తోంది.

ఇక అలవాటవుతుందనే భయం. పారాసెటమాల్, ఐబుప్రోఫెన్‌లకు మత్తు అలవాటు లేదు. అమెరికాలో సిజేరియన్ అయినవాళ్ళకు గట్టి మత్తుమాత్రలు గుప్పెళ్ళతో ఇచ్చి, చివరికి చేతులు కాల్చుకుని, ఇప్పుడు ఈ టైముకు వేసే మామూలు మాత్రల పద్ధతికి దిగి వచ్చారు. వాళ్ళు దిగి వచ్చిన మెట్టుకు మనం ఇంకా ఎక్కనే లేదు.

2023లో మా చెల్లెలు వైట్‌ఫీల్డ్‌లో వేరే ఆస్పత్రికి వెళ్ళింది. బిడ్డ అడ్డం తిరిగి ఉంది, ఆపరేషన్ తేదీ ముందే తెలుసు. నేను వెంటపడి మత్తు డాక్టరును కలవాలన్నాను. "ఆపరేషన్ డాక్టరును కలిశాం కదక్కా, మళ్ళీ ఆయనెందుకు" అంది. నిజమే, మన దగ్గర మత్తు డాక్టరు ముఖం ఎవరూ చూడరు, మాస్కే చూస్తారు. మేం అడిగినవి నాలుగే. వెన్నులో ఏం కలుపుతారు, మత్తు దిగాక మొదటి మందు ఎన్నింటికి పడుతుంది, తర్వాత ఎన్ని గంటలకోసారి, రాత్రిపూట ఎవరు లేపి ఇస్తారు. ఆయన విసుక్కుంటాడనుకున్నాను. కుర్చీ ముందుకు లాక్కుని కూర్చున్నాడు. ఇలా అడిగేవాళ్ళు రారమ్మా అన్నాడు. తమ దగ్గర వెన్ను మార్ఫిన్ లేదని దాచకుండా చెప్పి, ఆపరేషన్ అవగానే స్కానింగ్ మిషన్‌లో చూస్తూ పొట్ట గోడ కండరాల మధ్య రెండుపక్కలా మొద్దుమందు వేసే ట్యాప్ బ్లాక్ వేస్తానన్నాడు. వేశాడు.

చెల్లెలికి నొప్పి లేదని కాదు. ఉంది. కానీ రెండోరోజు నవ్వింది. వార్డు చివరిదాకా నడిచి వచ్చింది. పేగులు తొందరగా కదులుతాయని ఆ ఆస్పత్రిలో చూయింగ్ గమ్ ఇస్తారు, పరిశోధనల్లో తేలిన విషయమేనట. పచ్చి బాలింత మంచం మీద కూర్చుని బబుల్ గమ్ నములుతుంటే అమ్మ ముఖం చూడాలి.

ఇంటికొచ్చేటప్పుడు డిశ్చార్జి కాగితంలో మళ్ళీ ఎస్.ఓ.ఎస్. అనే ఉంది! కౌంటర్ దగ్గరే నిలబడి మార్పించాం. మొదటి ఐదు రోజులు ఆరుగంటలకోసారి అని డాక్టరే కొట్టేసి రాసి సంతకం పెట్టింది. అమ్మ ఏమీ అనలేదు. రాత్రి తన బటన్ ఫోన్ నాకిచ్చి, "రెండు గంటలకు అలారం పెట్టు. నీకు నిద్ర మొద్దు" అంది. ఆ ఐదు రాత్రులూ రెండింటికి అమ్మే లేచింది. చెల్లెలు నిద్రలో "వద్దులే మా" అని గొణిగితే, "నిన్నెవరడిగినారు, నోరు తెరువు" అనేది.

నాలుగో రోజు రాత్రి చూసుకుంటే షీటు ఖాళీ. పదకొండు కావస్తోంది, కింద మెడికల్ షాపు అబ్బాయి షట్టరు సగం దించేశాడు. నేను వంగి లోపలికి తల పెట్టి ఖాళీ షీటు చూపించాను. అతను లైటు మళ్ళీ వేసి, డబ్బా తీస్తూ అడిగాడు.

"ఎష్టు బేకు?"

ఎన్ని కావాలని. రెండు షీట్లన్నాను.